రెండు రింగులు

“గాలి చూడు ఎట్ల కొడుతున్నదో. ఇయ్యాల ఒక్కరోజు ఎక్కకుంటే ఏమైతది ఆ పిల్ల?”

స్వరూప ఈ మాట ఎవరితోనూ అనలేదు. పెనం మీద చపాతీ తిప్పుతూ కిటికీలోంచి చూసింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కడుపు నిండా గాలి మింగి ఉబ్బిపోయి, క్లిప్పులు తెంపుకొని ఎటో పోవాలని చూస్తున్నాయి. అది చూసి నోరు జారింది. ఇల్లేమో రెండు గదులు. తార్నాక వెనక సందులో అంతకన్నా పెద్ద ఇల్లు వాళ్లకు దొరకదు. ఒక గదిలో అన్న మాట రెండో గదిలో వినపడక తప్పదు.

“మోగింది” అన్నాడు యోహాను, బూట్ల లేసులు బిగించుకుంటూ. “మా ఇంట్ల సైరన్ మోగింది. తార్నాకల గాలి కొడితే గాడ విమానం ఊగుతదా? జర మతి పెట్టుకొని మాట్లాడు.”

గుమ్మం పక్క మంచం మీద కూర్చొని టీలో బిస్కెట్ ముంచుకుంటున్న అత్త ఈరమ్మ, బిస్కెట్ సగం టీలో పడిపోయినా చూసుకోకుండా తలెత్తింది. “పొద్దుగాల పొద్దుగాల ఆ నోరు తెరవకని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? నాలుక మీద మచ్చ పెట్టుకొని పుట్టినవ్. థూ, థూ.”

స్వరూప నాలుక మీద నిజంగానే మచ్చ ఉంది, ఆవగింజంత. పెళ్లయిన కొత్తలో ఆమె ఆవులిస్తుంటే ఈరమ్మ చూసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో జరిగిన చెడుకంతా కారణం వెతుక్కునే శ్రమ ఎవరికీ లేకుండా పోయింది. యోహాను ఒక కంపెనీకి స్టాఫ్ బస్సు నడుపుతాడు. ఒకసారి మెట్టుగూడ దగ్గర బస్సును డివైడర్ ఎక్కించాడు. ఆ రోజు పొద్దున స్వరూప “బ్రేకులు చూపించినవా?” అని అడిగి ఉంది. బ్రేకులు చూపించనివాడి తప్పు కాలేదు. అడిగినదాని తప్పయింది.

చపాతీలు డబ్బాలో సర్ది, మూత పెట్టి, సంచిలో పెట్టి, సంచి అతని చేతికిచ్చింది. అతను మెట్లు దిగుతుంటే “భద్రం” అనబోయి నోరు మూసుకుంది. మనసులో అనుకుంది. మనసులో అనుకుంటే మచ్చ పని చేయదని ఆమె లెక్క.

వాసంతి వాళ్లకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక సర్కారు స్కాలర్‌షిప్ మీద పైలట్ కోర్సులో చేరి, పక్క రాష్ట్రంలో ఒక చిన్న ఎయిర్‌పోర్టు పక్కనున్న హాస్టల్లో ఉంటోంది. అక్కడికి ప్రయాణికుల విమానాలు రావు. ఎక్కేది, దిగేది అంతా నేర్చుకునే పిల్లలే. విమానం ఫొటో మొదటిసారి ఫోన్లో చూసినప్పుడు స్వరూప దాన్ని వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది. ఆటోకు రెక్కలు అతికించినట్టుంది. ముందు ఒక ఫ్యాను. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటు లేదు. “గింత పల్చగున్నదేంది?” అని అడిగితే వాసంతి నవ్వింది. “పల్చగుంటెనే లేస్తదమ్మా.” కొన్నాళ్లుగా పక్కన నేర్పే సారు కూడా లేకుండా ఒక్కతే ఎక్కుతోంది. దాన్ని సోలో అంటారట. ఆ మాట తెలిసిన నాటి నుంచి స్వరూపకు అన్నం ముద్ద గొంతులో ఒక మజిలీ చేసి గానీ దిగడం లేదు.

అందుకే ఒక ఏర్పాటు. ఎక్కేటప్పుడు చెప్పనక్కర్లేదు, దిగగానే రెండు రింగులు ఇవ్వాలి. రెండు మోగి ఆగిపోతే బిడ్డ నేల మీద ఉన్నట్టు. ఎత్తకూడదు. ఈ పద్ధతి వాసంతి కోసం పుట్టింది కాదు. ఫోన్ చేస్తే బ్యాలెన్స్ కరిగిపోయే రోజుల్లో ఊళ్లో స్వరూప తల్లి పెట్టిన రూలు అది. “చేరినంక రెండు రింగులియ్యి బిడ్డా, నేను ఎత్త. సల్లగ చేరిందనుకుంట.” పొరపాటున ఎత్తితే అవతలివాళ్లకు డబ్బులు పోతాయి, కాబట్టి ఎత్తడం తప్పు. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా ఖర్చు ఒకటే అయినా ఆ ఇంట్లో చేరినవాళ్లు ఇంకా రెండు రింగులే ఇస్తారు, ఎదురుచూసేవాళ్లు ఇంకా ఎత్తరు.

ఎదురుచూసేవాళ్లు అంటే స్వరూపే. యోహాను కూతురి రింగుల కోసం ఏనాడూ చూడలేదు. “నువ్వున్నవ్ కదా గాబరా పడనీకి, నేను గూడ ఎందుకు?” అంటాడు, నవ్వుతూనే. ఆ మాటలో అబద్ధం లేదు. వండటం, ఉతకటం ఎలాగో భయపడటం కూడా అలాగే ఆ ఇంట్లో ఆమె పని. గ్యాస్ కట్టేశారా, మెట్ల మీద తడి ఉందా, మామ బతికున్నప్పుడు ఆయన షుగర్ మాత్ర వేసుకున్నాడా, పిల్ల బడి ఆటోలో డ్రైవరు ఎంతమందిని కుక్కాడు, ఇవన్నీ బియ్యంలో రాళ్లు ఏరినట్టు రోజూ ఏరి పక్కన పెట్టేది ఆమే. ఏరినన్నాళ్లు అన్నంలో రాయి తగలదు. తగలకపోయేసరికి తినేవాళ్లు అసలు రాళ్లే లేవనుకుంటారు. ఏరేదానికి చాదస్తం అంటారు.

యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో స్వరూప వంటపని. పదో క్లాసు దాకా చదివింది గానీ ఆ చదువుకు క్యాంపస్‌లో దొరికే పని గరిట పట్టేదే. తార్నాక చౌరస్తా దాటి గేటులోకి మళ్లితే చెట్ల నీడ మొదలవుతుంది. ఆ నీడలో నడుస్తూ ఆమె ఆకుల్ని చూసింది. పైకొమ్మల్లో గలగల. ఇక్కడి గాలికీ అక్కడి గాలికీ సంబంధం లేదని ఆమెకూ తెలుసు. తెలిసినా ఇంకో చెట్టు కింద ఆగి మళ్లీ పైకి చూసింది.

మెస్సులో ఫోన్లు పట్టుకొని పని చేయకూడదని మేనేజర్ రవికాంత్ తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ బుట్ట పెట్టించాడు. వంటవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయాలి. అతని ఫోన్ అతని చేతిలో ఉంటుంది. స్వరూప తన ఫోన్ బుట్టలో అన్నిటికన్నా పైన పెట్టింది, పూర్తి వాల్యూములో. మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే ఉప్పలమ్మ, ఆమె ఎదురుగా బెండకాయల గంప ముందు కూర్చుంది.

“ఏందక్కా, బెండకాయలు కోస్తున్నవా, నరుకుతున్నవా? ఒకటి వేలంత, ఒకటి గోరంత.”

“గాలి ఎక్కువున్నది, ఉప్పలమ్మా.”

“గాలికి బెండకాయలేం జేసినయ్?”

కాసేపటికి బుట్ట మోగింది. స్వరూప కత్తి ఆగింది. ఒకటి. రెండు. ఆగిపోయింది.

“దిగిందా నీ బిడ్డ?”

“దిగింది” అంది స్వరూప. “స్తోత్రం ప్రభువా” అనుకుంది. ఆ తర్వాత కోసిన బెండకాయ ముక్కలన్నీ ఒకే కొలతలో వచ్చాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమెది అన్నం గరిట. వరుసలో నిలబడ్డ ఆడపిల్లల్లో ఒకతె ఫోన్ అందరికీ తిప్పి చూపిస్తోంది.

“చూడవే, ల్యాండింగ్‌ల బొక్కబోర్లా పడ్డది.”

“అరెరే. ఎవరన్నా పోయిన్రా?”

“లేదట. ట్రైనీ స్టూడెంటంట, ఒక్కతే ఉండెనంట. అమ్మాయి.”

“అదే మరి” అంది ఇంకో పిల్ల. చుట్టూ నవ్వారు.

“ఏయ్, నోర్ముయ్. నీకు స్కూటీ స్టాండ్ వెయ్యనీకే వాచ్‌మెన్ కావాలె” అని మూడో పిల్ల తిప్పికొట్టింది. ఇంకా నవ్వారు.

స్వరూప గరిట చేతిలో పట్టుకొనే తల వంచి చూసింది. గోడ అవతలి నుంచి ఎవరో తీసిన వీడియో. చిన్న తెల్ల విమానం రోడ్డు లాంటి దాని పక్కన గడ్డిలో ముక్కు పొడుచుకొని, తోక లేపి నిలబడి ఉంది. ముందున్న ఫ్యాను రెక్క వంగిపోయింది. మనుషులు పరుగెత్తుతున్నారు. రెక్క మీద ఎర్ర గీత. వాసంతి ఫొటోలోనూ ఎర్ర గీతే. కానీ అక్కడి విమానాలన్నిటికీ ఎర్ర గీతే ఉంటుందేమో. పైగా రింగులు వచ్చాయి. ఆమె చెవులారా విన్నది.

“పాపం, ఏ తల్లి బిడ్డో” అని, ఆ పిల్ల కంచంలో రోజూ కన్నా కొంచెం ఎక్కువ అన్నం పెట్టింది. జాలి నిజమే. ఆ జాలి కింద ఇంకొకటి కూడా కదిలింది. నాది కాదు, నా బిడ్డ కాదు అనే చల్లదనం. ఆ చల్లదనానికి ఆమె కొంచెం సిగ్గుపడింది కూడా. ఎక్కడో ఒక తల్లి గుండెలు బాదుకుంటుంటే తనకు ఆకలి వేస్తోంది మరి.

బుట్ట మళ్లీ మోగింది. ఒకటి, రెండు. ఆగలేదు. మూడు, నాలుగు. స్వరూప గరిట ఉప్పలమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. యోహాను.

“స్వరూపా, నువ్వైతే గాబరా పడకు.”

అతను ఫోన్లో ఆమెను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. ఇక మిగతాది చెప్పనక్కర్లేకపోయింది.

“పొల్లకు ఏం కాలే. నుదురు జర గీసుకపోయిందంట. దిగేటప్పుడు ముందు టైరు ఇరిగి, బండి గడ్డిలకు పోయిందంట. నువ్వు ఇంటికి రా.”

“ఎప్పుడైంది?”

“పొద్దుగాలనే. వాళ్ల ఆఫీసోళ్లు ఫోన్ చేసిన్రు.”

“నాకు చేయలే.”

“తండ్రి నంబరే ఉంటది కదనే వాళ్ల తాన.”

“నాకు రింగులొచ్చినయ్” అంది స్వరూప.

“ఏం రింగులు? ఇంటికి రా ముందు.”

రవికాంత్ టేబుల్ దగ్గర పెరుగన్నం తింటూ విషయమంతా విన్నాడు. అయ్యో అన్నాడు. దేవుడి దయ అన్నాడు. “అమ్మాయి బాగానే ఉందంటున్నారు కదమ్మా, ఇక ఆ కంగారెందుకు? సాయంత్రం చపాతీలున్నాయి. ఉన్నట్టుండి వెళ్లిపోతే ఎవరు చేస్తారు చెప్పు?” అని కూడా అన్నాడు. చెడ్డవాడేం కాదు. అతని తల్లి కాకినాడలో జారి పడిందని తెలిసినప్పుడు వారం పాటు రాలేదు, అప్పుడూ చపాతీలు స్వరూపే చేసింది. ఆమె చేతులు కడుక్కొని గుమ్మం వైపు నడిచింది. “ఈమె చపాతీలు నేను చేస్తా, నువ్వు తిను సారూ” అని ఉప్పలమ్మ వెనక నుంచి అరిచింది.

స్వరూప ఇంటికి నడిచే వస్తోంది. ఆటో ఎక్కాలని తోచలేదు. రాతితో కట్టిన కాలేజీ ముందు మెట్ల మీద, పట్టాలు పుచ్చుకొని నల్ల గౌన్లు వేసుకున్న పిల్లలు టోపీలు గాల్లోకి ఎగరేసి ఫొటోలు దిగుతున్నారు. ఒక టోపీ గాలికి కొట్టుకుపోతే ఒకడు నవ్వుతూ వెంటపడ్డాడు. స్వరూప ఫోన్ తెరిచి చూసింది. ఎత్తని కాల్స్ అన్నీ ఎర్ర అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి. వాసంతి. వాసంతి. వాసంతి. పొద్దుటిది అన్నిటికన్నా పైన ఉంది. కింద ఉన్నవాటికీ దానికీ తేడా ఏమీ లేదు. అదే ఎరుపు, అదే పేరు. గడ్డిలో ముక్కు పొడుచుకున్న విమానం పక్కన నిలబడి ఇచ్చిన రెండు రింగులు, మంచిగా దిగి నవ్వుకుంటూ ఇచ్చిన రెండు రింగులు ఒక్కలాగే మోగుతాయి. అయితే ఇన్నాళ్లూ తను విన్నదేమిటి? వీటిలో ఏవి నిజం, ఏవి కావు?

ఆమెకు బిడ్డ మీద కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ పని తనకు బాగా తెలుసు. వాసంతి తర్వాత నిలిచిన కడుపు పోయిన రోజు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, మంచం మీద పడుకొని, అప్పుడే ఫోన్ కొన్న తమ్ముడి నంబరుకు రెండు రింగులు ఇచ్చింది. ఊరికి పోయి తిరిగొచ్చి, ఇంకా రింగులు ఇవ్వకముందే జరిగింది అది. తను చేరిన రింగుల కోసం తల్లి చూస్తుందని గుర్తొచ్చింది. ఇచ్చింది. అక్కడ ఆ ముసల్ది ‘సల్లగ చేరింది నా బిడ్డ’ అనుకొని కోళ్లను గంప కింద కమ్మి పడుకుని ఉంటుంది. పరామర్శకు వచ్చిన చుట్టాల ముందు యోహాను కంచం విసిరేసిన రోజూ రెండు రింగులే. “ఒక్క మగపిల్లోన్ని కనలేని దానికి అలుగుడొకటి” అని ఈరమ్మ వాకిట్లో నిలబడి సందంతా వినేట్టు అన్న రోజూ రెండు రింగులే. ఫోన్ మోగినప్పుడు తల్లి ఎత్తి ఉంటే ఏమయ్యేది? చెప్పేదేనా? ఏమో. కానీ ఎత్తకూడదన్నది రూలు. తల్లి చివరిదాకా రూలు తప్పలేదు. పెద్ద బిడ్డ పట్నంలో సుఖంగా ఉందని ఊరంతా చెప్పుకొని, ఆ సంతోషంతోనే పోయింది. శవం దగ్గర ఆడవాళ్లు “నీ గురించి బెంగ లేకుండె స్వరూపా, నీ రింగులొస్తే సాలు ముసల్దానికి” అని మెచ్చుకున్నారు కూడా.

రెండు రింగులంటే క్షేమం కాదు. ‘నన్నేమీ అడగకు’ అని.

చౌరస్తాలో పచ్చ లైటు పడినా ఆమె దాటలేదు. మళ్లీ ఎర్ర లైటు వచ్చి, మళ్లీ పచ్చది పడ్డాక దాటింది.

ఇంట్లో యోహాను యూనిఫాం విప్పి లుంగీలో కూర్చొని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి తుడుచుకొని ఉంటాడు. అది చూసి స్వరూపకు ఒక్క క్షణం అతని మీద జాలి వేసింది. ఈరమ్మ మాత్రం నోరు సిద్ధం చేసుకొనే ఉంది.

“అననే అంటివి పొద్దుగాల. ఎక్కకుంటే ఏమైతదంటివి. ఏమైందో సూడు ఇప్పుడు. నీ నోటికి తాళమెయ్యాలె.”

“నేను ఎక్కొద్దన్న అత్తమ్మా. పడాలని అనలే.”

“ఏదైతేంది? మచ్చకేం తెలుస్తది.”

“నువ్వూకో అమ్మా” అన్నాడు యోహాను. “అయిందేదో అయింది. సాలు ఇగ. రేపు పొద్దున బస్సెక్కి నేను పోత, పొల్లను తీస్కొస్త. సికింద్రాబాద్ల ఏదన్న కంపెనీల పెడదాం. మంచి సంబంధమొస్తే చేద్దాం. గాల్లె ఎగిరే నౌకరి మనకెందుకు?”

“వాసంతి ఏమంటున్నది?”

“నాతోని ఏమంటది? ‘ఎంక్వైరీ ఉన్నది డాడీ, రాను’ అంటది. నా మాట వినది. అందుకే నిన్ను రమ్మన్న.” అతను ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. “నువ్వు చెయ్యి. నువ్వు ఏడిస్తే వస్తది.”

స్వరూప అతని వైపు చూసింది. “ఏడువాల్నా?”

“ఎట్లన్న ఏడుస్తవ్ కదా. ఆ ఏడ్సేదేదో ఫోన్ల ఏడువు. ‘నువ్వు రాకుంటే నేను బతుకనే’ అను. నీ గాబరా దానికి తెల్వదా? ఆగదు, వచ్చేస్తది.”

ఇన్నేళ్లలో ఆమె భయానికి ఆ ఇంట్లో మర్యాద దొరకడం ఇదే మొదలు. చాదస్తం అన్నది, సైరన్ అన్నది, మచ్చ అన్నది ఇప్పుడు పనికొచ్చే వస్తువైంది. మూలన పడేసిన పాత బిందెను అవసరానికి తోమి బయటికి తీసినట్టు.

“అప్పుడు మెట్టుగూడ కాడ...” అని మొదలుపెట్టింది. బస్సు డివైడర్ ఎక్కించాక యోహాను చేతులు వణికి నాలుగు రోజులు టీ గ్లాసు కూడా పట్టలేకపోయాడు. వాళ్లమ్మే వీపు మీద చరిచి చెప్పింది. “బండి నడిపేటోనికి దెబ్బ తాకదా బిడ్డా? లే, ఎక్కు. నువ్వు ఎక్కకుంటే భయం నీ సీట్ల కూసుంటది.” అతను ఎక్కాడు. ఆ మాట అంత బాగా ఎవరూ చెప్పలేరని స్వరూప అప్పుడే అనుకుంది. 

“అది వేరు” అన్నాడు యోహాను.

“అది వేరు” అంది ఈరమ్మ, అదే క్షణంలో.

ఈరమ్మ మంచం మీద దుప్పటి సర్దుకుంది. 

“ముందు జర టీ పెట్టు, తలకాయ పలుగుతున్నది” అన్నాడు యోహాను. “తాగినంక చేద్దాం.”

స్వరూప టీ పెట్టింది. అల్లం దంచుతూ తన చేతుల్ని చూసుకుంది. వణకడం లేదు. బిడ్డ పడ్డది, ఆమె ఇన్నేళ్లుగా రోజూ ఏరి పక్కన పెడుతూ వచ్చిన రాయి చివరికి పంటికి తగిలింది. అయినా చేతులు అల్లం దంచుతున్నాయి, పాలు పొంగకుండా మంట తగ్గిస్తున్నాయి. పడితే ఇలా ఉంటుందన్నమాట. పడకముందు ఉన్న భయానికన్నా ఎక్కువేం లేదు. 

గ్లాసులు ఖాళీ అయ్యాక యోహాను ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, మంచం మీద ఉంచాడు. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. ఒకటి. రెండు. స్వరూప ఊపిరి అలవాటు కొద్దీ అక్కడ ఆగిపోయింది. మూడు. 

“డాడీ, చెప్పిన కదా, నేను రాను...”

“నేను బిడ్డా.”

“అమ్మా!” గొంతు వెంటనే మారింది. ఉత్సాహం వచ్చి చేరింది, అతిథులొస్తే చాప పరిచినంత త్వరగా. “ఏం కాలేదమ్మా. చిన్నది. అందరికి అయితనే ఉంటది. నేను తిన్న గూడ. నువ్వు తిన్నవా?”

“రింగులెందుకిచ్చినవ్?”

యోహాను కనుబొమ్మలు ముడిచి, అది కాదు అన్నట్టు చెయ్యి ఊపాడు. చెంపల మీంచి వేళ్లు కిందికి గీసి చూపించాడు. ఏడువు, ఏడువు.

“నువ్వు చూస్తుంటవ్ కదా అని” అంది వాసంతి. చాప మడతపడుతున్న గొంతు. “లేటైతే నువ్వు ఆగవని.”

“ఎక్కడికెల్లి ఇచ్చినవ్?”

“గడ్డిల కూసొని. ఇంకా వాళ్లు ఉరికొస్తున్నరు. నేను బెల్టు తీసి దిగి, కూసొని, ఫోన్ తీసిన.”

“నెత్తురు కారుతుండెనా?”

“జరంత.”

“ఇంతకుముందు గూడ ఇట్ల ఇచ్చినవా? మంచిగ దిగనప్పుడు?”

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఇచ్చిన” అంది వాసంతి. “ఒకసారి దించుతుంటే బంతి లెక్క ఎగిరెగిరి పడ్డది. ఒకసారి సార్ అందరి ముందట ‘నువ్వు ఇంటికి పోయి రొట్టెలు చేసుకో’ అన్నడు. బాత్రూంల ఏడ్చి, ముఖం కడుక్కొని, నీకిచ్చిన.”

ఈరమ్మ ఏదో అనబోయింది. స్వరూప అటు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి అత్తగారి ముఖం ముందు అలా నిలబడటం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఈరమ్మ ఆశ్చర్యంతోనే ఆగిపోయింది.

“ఇయ్యాల ఏమైంది? మొత్తం చెప్పు.”

“దిగనీకి వస్తున్నప్పుడు పక్కకెల్లి గాలి కొట్టిందమ్మా. నేను సరిచేసిన, మల్ల కొట్టింది. వెనక టైర్లు మొదలు తాకాలె, ముందు టైరు తాకింది. ఇరిగింది. మల్ల పైకి లేపి ఇంకో రౌండు కొట్టి రావాల్సుండె. నేనే లేట్ చేసిన. గాలిది తప్పు కాదు, నాదే తప్పు.”

“భయమైందా?”

“అప్పుడు కాలే. ఇప్పుడైతున్నది.” వాసంతి గొంతులో ఇప్పుడు చాప లేదు, ఉత్త నేల. “చేతులు వణుకుతున్నయ్ అమ్మా. ఇందాక గ్లాసు పట్టుకోరాలే.”

యోహాను తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత ఎటో చూశాడు.

“ఎంక్వైరీ అయినంక సార్‌ను పక్కన కూసోబెట్టుకొని మల్ల దించాల్నంట, అదే రన్‌వే మీద. కోర్సుల ఉంటనా, పోతనా రేపు చెప్పమన్నరు. డాడీకి రాను రాను అంటున్న గాని నాకేం తెలుస్తలేదు. నేను పైన ఉన్నంతసేపు నువ్వు కింద చస్తుంటవ్. అది నాకు తెలుసు. నువ్వు చెప్పమ్మా. నువ్వు రమ్మంటే వస్త. ఒట్టు, కోపం గూడ తెచ్చుకోను. రావాల్నా?”

యోహాను మంచం అంచున ముందుకు జరిగాడు. ఇక అతను చేత్తో ఏమీ చూపించలేదు. అవసరం లేదు. ఇంత తేలికగా అవుతుందని అతనూ అనుకోలేదు. ఒక్క మాట. ‘రా’ అంటే చాలు, ఏడుపు కూడా అక్కర్లేదు.

స్వరూప ఖాళీ గ్లాసుల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

భయం ఉంది. పొద్దున ఉన్నంతే ఉంది, ఎక్కడికీ పోలేదు. ‘రా’ అంటే పోతుందా అని చూసుకుంది. పిల్ల ఇంటికొస్తుంది. కొన్నాళ్లు ఆ కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఏదో ఒక కంపెనీకి పోయి వస్తుంది. సంబంధం వస్తుంది, చేస్తారు. మౌలాలిలోనో, బౌద్ధనగర్‌లోనో, ఇంకా దూరమో, ఒక రెండు గదుల ఇంటికి పోతుంది. చేరగానే అలవాటు ప్రకారం ఇస్తుంది. ఒకటి, రెండు. కట్. తను ఇక్కడ చపాతీ తిప్పుతూ ‘సల్లగ చేరింది నా బిడ్డ’ అనుకుంటుంది. ఆ ఇంట్లో ముక్కు పొడుచుకున్న విమానం ఏదీ ఉండదు. గోడ అవతలి నుంచి వీడియో తీసేవాడు ఉండడు. ఆఫీసువాళ్లెవరూ ఫోన్ చేయరు. ఎంక్వైరీ ఉండదు. తప్పు ఎక్కడ జరిగింది, ఎప్పుడు పైకి లేపి ఇంకో రౌండు కొట్టి రావాల్సింది అని ఎవరూ కూర్చోబెట్టి అడగరు. పక్కన సారును పెట్టి, మళ్లీ ప్రయత్నించు అని ఎవరూ అనరు. కన్నతల్లి కూడా రూలు తప్పకుండా, ఫోన్ ఎత్తకుండా, చచ్చేదాకా సంతోషంగా ఉంటుంది.

“అమ్మా?”

సందులో ఎవరిదో కుక్కర్ కూసింది. ఎదురు మేడ మీద దుప్పట్లు ఎవరో తీసేసినట్టున్నారు, తీగ ఒక్కటే ఊగుతోంది. ఈరమ్మ గొంతు సవరించుకుంది. యోహాను “చెప్పవేందే?” అన్నాడు చప్పుడు లేకుండా, పెదాలతో.

“అమ్మా, ఉన్నవా? లైన్ కట్టయిందా?”

కట్ కాలేదు. స్వరూప చెయ్యి చాపి స్పీకర్ ఆపింది. ఫోన్ తీసి చెవికి పెట్టుకొని, లేచి, కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. అవతల బిడ్డ ఊపిరి వినిపిస్తోంది. ఇంత దగ్గరగా ఆ ఊపిరి విని చాలా కాలమైంది. తొందరేం లేదన్నట్టు కాసేపు దాన్నే విన్నది.

అప్పుడు చెప్పింది.

“ఎక్కు బిడ్డా. దిగినంక రెండు రింగులకు కట్ చేయకు, మోగనియ్యి. ఎట్ల దిగినవో అట్లనే చెప్పు. నేను ఎత్తుత.”